ఫోకస్ లైటు పిల్లల కోసం కొనండి

మా వైపు బడి వార్షికోత్సవం లెక్కలు తిరగేస్తే మొదటి పద్దు సౌండ్ సిస్టానిది, రెండోది ఎల్‌ఈడీ తెరది, మూడోది శాలువాలు, మెమెంటోలది. పిల్లలు నాటకం వేస్తే దాని ఖర్చు ఎక్కడో అడుగున ‘ఇతరములు’లో పడుతుంది. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల బడుల్లో పిల్లలతో నాటకాలు వేయించడం నాకు చాలా ఏళ్ళుగా ఉన్న పని. ఈ మధ్య కొన్ని బడులు సొంతంగా హాలు కట్టుకుని, “సార్, మా స్టేజీకి ఫోకస్ లైటు కొందామనుకుంటున్నం, ఏది మంచిది?” అని అడగడం మొదలుపెట్టాయి. సంతోషమే. కానీ వెంటనే వచ్చే రెండో ప్రశ్న ఎప్పుడూ ఒకటే: “ఎన్ని వాట్లది తీసుకోవాలె?” ఆ రెండో ప్రశ్న దగ్గరే నా తగాదా.

బడికి కొనే లైటును పిల్లల ముఖాలు చూసి, పిల్లల చేతులు చూసి కొనాలి. ముఖ్య అతిథినీ, వీడియో తీసేవాణ్ణీ, సామాను అద్దెకిచ్చేవాణ్ణీ చూసి కొన్న లైటు ఎంత ఖరీదైనదైనా బడికి పనికిరాదు. చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా ఎందుకు, ఎలా అన్న వివరమే.

మనం ఫోకస్ లైటు అని పిలిచేదాన్ని నాటకంవాళ్ళు ఫాలో స్పాట్ అంటారు. స్టేజీ మీద కదిలే మనిషిని ఒక వెలుగు వలయం వెంబడిస్తుంది. వెనకాల ఒక మనిషి నిలబడి దాన్ని చేత్తో తిప్పుతుంటాడు. దీని పుట్టుక ఐరోపాలో ఉందని పుస్తకాలు చెబుతాయి. 1820లలో థామస్ డ్రమండ్ అనే ఇంజనీరు ఐర్లండు భూముల సర్వేలో దూరపు కొండల మీది గుర్తులు కనబడడానికి సున్నపు ముద్దను మంటలో కాల్చి, దాని తెల్లటి వెలుగును వాడాడు. 1837 నాటికి అదే వెలుగు లండన్‌లోని కోవెంట్ గార్డెన్ నాటకశాలకు చేరింది. ‘లైమ్‌లైట్’ అన్న మాట ఆ సున్నం నుంచే వచ్చింది.

పరికరం అక్కడిది కావచ్చు. పని మాత్రం మనకు పాతదే. చిందు భాగవతం, వీధి భాగవతం తెల్లవార్లూ సాగింది కాగడాల వెలుగులోనే. వేషం లోపలికి వస్తుంటే దివిటీ దగ్గరికి జరిగేది. రాక్షస వేషం వస్తే దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లేవారు. భగ్గున లేచిన మంటలో ఆ ముఖం ఒక్క క్షణం ఊరందరికీ కనబడేది. ఎవరిని ఎప్పుడు ఎంత చూపించాలో తెలిసిన మనిషి చేతిలో వెలుగు ఉంది. ఫాలో స్పాట్ అంటే ఇదే కదా! కాబట్టి “మన కళలకు ఈ లైట్లెందుకు, అది విదేశీ సంగతి” అనే పెద్దమనుషుల మాటను నేను ఒప్పుకోను. వెలుగుతో కథ చెప్పడం మన పల్లెలకు తెలుసు. తెలియనిదల్లా ఇప్పుడు అద్దెకొచ్చే లైట్లతో కథ చెప్పడం. వాటితో ఎవరూ చెప్పలేరు.

ఎందుకో చూడండి. ఇవాళ టెంట్‌హౌజ్‌ వాళ్ళను గానీ, ఈవెంట్లు చేసేవాళ్ళను గానీ “బడి స్టేజీకి లైటింగ్ కావాలె” అని అడిగితే బండిలోంచి దిగేవి బీమ్ లైట్లు. ఏ కంపెనీదైనా మావాళ్ళు వాటన్నిటినీ ‘షార్పీలు’ అనే పిలుస్తారు. అవి బాగా సన్నటి ధారతో వెలుగుతాయి. పొగ వదిలితే ఆ ధార గాలిలో కత్తిలా కనబడుతుంది. బీమ్ లైటు పుట్టిందే అందుకు: గాలిలో గీతలు గీయడానికి, పెళ్ళి బరాత్‌కు, పాటల కచేరీకి. ముఖం చూపించడం దాని పని కాదు. లెక్క వేస్తే తెలిసిపోతుంది. మూడు డిగ్రీల ధార 12 మీటర్ల దూరంలో సుమారు 63 సెంటీమీటర్ల వెడల్పే పరుచుకుంటుంది. ఆరో తరగతి పిల్లవాడి ముఖం అందులో పడితే చేతులు పడవు. చేతులు లేకుండా పిల్లలు నటించరు. పెద్ద నటుడు కళ్ళతో నెగ్గుకొస్తాడేమో గానీ, పదకొండేళ్ళ పిల్లవాడు ఒళ్ళంతా ఊపి మాట్లాడతాడు. వాడికి తలనుంచి కాళ్ళదాకా వెలుగు కావాలి.

అద్దె లైట్ల మీద నా రెండో ఫిర్యాదు ఇంకా పెద్దది. అది రంగు గురించి. మంట వెలుగు 2000 కెల్విన్ల దరిదాపుల్లో ఉంటుంది. పాత హాలోజన్ బుగ్గ 3200. మధ్యాహ్నం ఎండ 5500 చుట్టుపక్కల. అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలానికి తిరుగుతుంది. బీమ్ లైట్లు 7000 దాటి, 8000 దాకా పోతాయి. ఆ నీలి తెలుపు మా పిల్లల ముఖాల మీద పడితే ఏమవుతుందో ఏ వార్షికోత్సవం వీడియో చూసినా తెలుస్తుంది. చామనఛాయ ముఖం బూడిద రంగుకు తిరుగుతుంది. నల్లటి ముఖంలో కళ్ళూ పళ్ళూ తప్ప మిగతాదంతా ఒక మచ్చలాగా అయిపోతుంది. గోధుమరంగు, నలుపు చర్మాల కిందుండే ఎరుపును ఆ వెలుగు బయటికి తేలేదు. ఎందుకంటే దానిలోనే ఎరుపు తక్కువ.

తప్పు లైటుది. శిక్ష పిల్లలకు. “ఏమిటిది, ముఖాలు కనవడ్తలేవు” అని ఎవరో అంటారు. వెంటనే మేకప్ చేసే ఆయనను పిలిచి తెల్లటి పౌడరు ఇంకో పొర పట్టిస్తారు. ఆసిఫాబాద్ వైపునుంచి వచ్చిన గోండు పిల్లలకు మెడ వరకూ తెల్లగా, మెడ కింద వాళ్ళ సొంత రంగులో, రెండు ముక్కలుగా చేసి స్టేజీ ఎక్కించిన బడిని నేను కళ్ళారా చూశాను. ఆ పిల్లల్లో ఒకమ్మాయి నన్ను మెల్లగా అడిగింది: “సార్, మేం మంచిగ లేమా?” ఆ అమ్మాయికి ఏం జవాబు చెప్పాలి? ‘నువ్వు బాగానే ఉన్నవు బిడ్డా, మేం అద్దెకు తెచ్చిన బుగ్గలే బాగలేవు’ అని చెప్పాలి. అదే చెప్పాను. కానీ ఒక్కరికి చెబితే సరిపోయే జవాబు కాదిది. ఒక తరం పిల్లలకు వాళ్ళ బడే, వాళ్ళ పండుగ రోజే, వాళ్ళ ముఖం వెలుగుకు తగదని నేర్పుతోంది. ఫోకస్ లైటు ఎంపికను కరెంటు పనిచేసే ఆయనకు వదిలేసే చిన్న విషయంగా నేను చూడలేకపోతున్నది అందుకే.

పాత కళాకారులకు ఈ సంగతి బాగా తెలుసు. ముఖానికి పూసే రంగునూ, ముఖం మీద పడే మంట రంగునూ వాళ్ళు కలిపి ఆలోచించారు. మనం రెండింటినీ రెండు దుకాణాల నుంచి అద్దెకు తెస్తున్నాం. ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు.

సరే, ఏం కొనాలి? అంగడికి పోయేముందు హాలు కొలవండి. లైటు పెట్టే చోటినుంచి స్టేజీ మధ్యదాకా ఎన్ని మీటర్లు? అన్నిటికంటే ముఖ్యమైన అంకె ఇది. వాట్లు చెప్పేది లైటు ఎంత కరెంటు తింటుందో మాత్రమే. ముఖం మీద ఎంత వెలుగు పడుతుందో చెప్పేది లక్స్. దూరం రెట్టింపైతే ఆ వెలుగు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. పది మీటర్ల దగ్గర 1000 లక్స్ ఇచ్చే లైటు ఇరవై మీటర్ల దగ్గర 250 మాత్రమే ఇస్తుంది. అమ్మేవాళ్ళ కాగితం మీద చాలాసార్లు ఐదు మీటర్ల లెక్క ఉంటుంది. 4000 లక్స్ అని చూసి మురిసిపోయి, 15 మీటర్ల హాలులో పెడితే మిగిలేది 450 కూడా కాదు. కాబట్టి “మా దూరానికి ఎన్ని లక్స్?” అని అడగండి. చెప్పలేని దుకాణంలో కొనకండి.

తర్వాత వలయం వెడల్పు. పది డిగ్రీల ధార 12 మీటర్ల దూరంలో రెండు మీటర్ల పైచిలుకు పరుచుకుంటుంది. ఒక పిల్లవాడికి నిండుగా సరిపోతుంది. అదే లైటును మైదానంలో 25 మీటర్ల దూరం పెడితే నాలుగు మీటర్లు దాటి, చుట్టుపక్కల ఉన్న నలుగురినీ కలిపేస్తుంది. కాబట్టి ధార వెడల్పును తగ్గించి పెంచే జూమ్, వలయాన్ని కంటిపాపలాగా ముడిచి విప్పే ఐరిస్, ఈ రెండూ ఉన్నది చూసుకోండి. ఐరిస్ లేని ఫోకస్ లైటు రెప్పలేని కన్ను.

వెలుగు రంగు 3200 నుంచి 5600 కెల్విన్ల మధ్య ఉండనివ్వండి. మిగతా స్టేజీ లైట్లు పసుపు పచ్చవైతే ఇది కూడా ఆ వైపుకే ఉండాలి. రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సీఆర్ఐ అనే అంకె 90కి తగ్గకూడదు. ఎరుపుకు విడిగా ఉండే ఆర్9 అనే అంకె కూడా అడగండి. ఈ అంకెలు గుర్తుండకపోతే నా పద్ధతి ఒకటుంది. డబ్బు కట్టకముందు లైటును హాలుకు తెప్పించండి. ఒక పళ్ళెంలో పసుపు, కుంకుమ, ఒక జొన్నరొట్టె పెట్టి దాని మీద వెలుగు వేయించండి. పగటిపూట వరండాలో ఎలా కనబడ్డాయో అలాగే కనబడాలి. తర్వాత నలుగురు పిల్లలను, నాలుగు ఛాయలవాళ్ళను, పౌడరు లేకుండా నిలబెట్టండి. అందరి ముఖాలూ వాళ్ళ ముఖాల్లాగానే ఉంటే, అప్పుడు బేరం మొదలుపెట్టండి.

డిమ్మర్ సంగతి. అమ్మేవాళ్ళు “ఎంత వెలుగిస్తదో చూడండి సార్” అని చూపిస్తారు. మీరు “ఎంత తగ్గుతదో చూపియ్యి తమ్మీ” అనండి. నూరు నుంచి సున్నా దాకా నెమ్మదిగా, ఎక్కడా గెంతకుండా, మిణుకుమిణుకుమనకుండా దిగాలి. చవక ఎల్‌ఈడీలు చివరి పది వంతుల్లో దబ్బున ఆరిపోతాయి. నాటకంలో అవసరమైనవి ఆ చివరి పది వంతులే. అవ్వ కథ ముగించి కళ్ళు మూసుకునే చోట, దీపం కొండెక్కే చోట, కొడుకు ఊరు విడిచి పోయే చోట. పైగా నిండు వెలుగు నేరుగా కళ్ళలో పడితే చిన్నపిల్లలు మాట మరిచిపోతారు. స్టేజీ మీది మామూలు వెలుగుకు రెండింతలుంటే ఫోకస్ లైటు పని చాలావరకు జరిగిపోతుంది. పది ఇంతలు ఎందుకు?

ఫ్యాను చప్పుడు విని చూడండి. మైకులు లేకుండా పిల్లల గొంతే వినబడే హాలులో లైటు గుయ్యిమంటే అది దెయ్యం పట్టినట్టే. 300 వాట్ల ఎల్‌ఈడీ లైటు 230 వోల్టుల దగ్గర తీసుకునేది ఒకటిన్నర ఆంపియరు కూడా కాదు. మామూలు ప్లగ్గు చాలు. మూడో పిన్నుకు నిజంగా ఎర్త్ ఉందో లేదో మాత్రం చూపించుకోండి. పాత డిశ్చార్జి బుగ్గల లైట్లు సెకండ్ హ్యాండులో చవగ్గా దొరుకుతాయి. కానీ చాలావాటిలో ఒకసారి కరెంటు పోతే బుగ్గ చల్లారేదాకా మళ్ళీ వెలగదు. మా ఊళ్ళల్లో నాటకం మధ్య కరెంటు పోదని ఎవరు హామీ ఇస్తారు?

ఇక ఎక్కడ పెట్టాలి? హాలు వెనక గోడ దగ్గర, కింది నుంచి నేరుగా వేస్తే ప్రతి పిల్లవాడి వెనకా పరదా మీద వాడంత నీడ నిలబడుతుంది. బాల్కనీ ఉంటే అక్కడినుంచి వేయండి. ముప్పై ఐదు, నలభై డిగ్రీల వాలులో వచ్చే వెలుగు నీడను నేల మీద పడేస్తుంది. బాల్కనీ లేకపోతే హాలు ఒక మూలన గట్టి దిమ్మె కట్టించి పక్కనుంచి వేయండి. నీడ రెండో వైపు వింగులోకి జారుకుంటుంది. వెనక మెరిసే ఫ్లెక్సీ కట్టకండి. దాతల ఫోటోలున్న ఫ్లెక్సీ మీద ఫోకస్ పడితే పిల్లవాడి కంటే దాత ముఖమే బాగా మెరుస్తుంది. బహుశా కొందరికి కావలసింది అదేనేమో! ఒక నల్లటి గుడ్డ పరదా కొనండి. లైటుకు అది సగం బలం.

ఇప్పుడు చేతి సంగతి. తెలంగాణ పల్లెల్లో దివిటీ పట్టే పని చాకలివాళ్ళ మీద పడేది, చాలాచోట్ల వెట్టిగానే. వేషం వేసినవాడికి పేరుండేది, ఆడించినవాడికి పేరుండేది. రాత్రంతా ఆ ముఖాలను ఊరికి చూపించిన మనిషి పేరు ఎవరికీ గుర్తులేదు. వెలుగు పట్టినవాడు చీకట్లోనే ఉండిపోయాడు. ఇవాళ బడిలో ఏం జరుగుతోంది? అద్దె లైట్లతో పాటు వచ్చిన పిల్లగాడు, చాలాసార్లు బడి మానేసిన వయసువాడే, ఎవరూ పలకరించకుండా, అన్నం తిన్నావా అని అడగకుండా, కథ ఏమిటో చెప్పకుండా లైటు దగ్గర నిలబడతాడు. పాట వస్తే తిప్పుతాడు, మాట వస్తే ఆపుతాడు. వాణ్ణి తిట్టి లాభం లేదు. వాడికి మనం నాటకం చెప్పలేదు.

బడి సొంతంగా లైటు కొనడంలో అసలు లాభం ఇక్కడుంది. దాన్ని పిల్లలే నడపవచ్చు. కాబట్టి తొమ్మిదో తరగతి అమ్మాయి రెండు చేతులతో తేలికగా తిప్పగలిగేది కొనండి. పట్టుకునే పిడి, కదలని స్టాండు, చేతికి కాలని ఒళ్ళు, ఇవన్నీ షాపులోనే చూసుకోండి. కంప్యూటరుతో దానంతట అదే తిరిగే లైటు వద్దే వద్దు. మనిషి చెయ్యే ఈ పరికరానికి ప్రాణం. ఒక నాటకంలో లైటు పట్టిన అమ్మాయి, స్టేజీ ఎక్కడానికి సిగ్గుపడి లైటు దగ్గరికి వచ్చిన పిల్ల, మూడో రిహార్సల్లో నాతో వాదానికి దిగింది: “సార్, ముసలవ్వ కూసున్నంక వెలుగు తియ్యొద్దు. ఆమె ఇగ లేవదని మనకు ఎరుకే, చూసేటోళ్ళకు ఎరుక లేదు గదా!” నేను రాసుకున్న దర్శకత్వం కంటే ఆ పిల్ల మాటే సరైనది. తెలుగు వాచకంలో పది ప్రశ్నలకు జవాబులు రాసినా రాని చదువు అది. ఎవరి మాట ముఖ్యం, ఎవరి మౌనం ముఖ్యం, చూసేవాళ్ళకు ఏది ఎప్పుడు తెలియాలి? కథ చదవడమంటే ఇదే కదా! కరపత్రంలో నటుల పేర్ల పక్కనే ఆ పిల్ల పేరూ అచ్చు వేయించాలి. దివిటీ పట్టిన చేతులకు మనం బాకీ ఉన్నది ఆ ఒక్క అచ్చు వరుసే.

లైటు కొన్నాం కదా అని అన్నిటి మీదా వేస్తే అదొక కొత్త రోగం. పాత కరీంనగర్ జిల్లాది ఒగ్గుకథల నేల. హన్మాజీపేట మిద్దె రాములు పేరు తెలియని పాతతరం అక్కడ లేదు. ఒగ్గుకథలో ప్రధాన కథకుడు ఒక్కడే కథ మొయ్యడు. పక్కవాడు ఒక చరణానికి రాజు, భుజం మీది గుడ్డ నెత్తిమీదికి లాగితే మరుచరణానికి రాణి. డోలు వాళ్ళు ‘ఆఁ’ అనకపోతే కథ నడవదు. ఫోకస్ కథకుడి మీదే నిలబెడితే మిగతా కథంతా చీకట్లో పడిపోతుంది. అక్కడ కావలసింది అందరి మీదా సమానంగా పరుచుకునే వెచ్చటి వెలుగు.

ఆదిలాబాద్ గుస్సాడీ అయితే మరీను. దీపావళి ముందు దండారీ రోజుల్లో ఊరి మధ్య గుండ్రంగా ఆడే ఆట అది. గుండ్రంలో మొదటివాడు లేడు, చివరివాడు లేడు. గుస్సాడీ కనక రాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. 2024లో ఆయన కన్నుమూశారు. ఆయన ఊరు మార్లవాయి. 1940లలో హైమన్‌డార్ఫ్ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టించిన ఊరు కూడా అదే. ఆటా బడీ ఒక్క ఊళ్ళో కలిసి బతికిన చోటు. అక్కడి ఆటను తెచ్చి మన బడి స్టేజీ మీద వరుసగా నిలబెట్టి, మధ్యలో ఒక్కడి మీద ఫోకస్ వేస్తే దాన్ని మనం చూపించినట్టు కాదు, చెడగొట్టినట్టు. నెమలి ఈకల టోపీ అన్ని వైపులనుంచి వెలుగు పడితేనే మెరుస్తుంది. వీలైతే దాన్ని మైదానంలోకి దించండి, పిల్లలను చుట్టూ కూర్చోబెట్టండి, ఫోకస్ లైటు ఆర్పేయండి. లైటు పట్టే పిల్లలకు మొదట నేర్పాల్సింది ఎక్కడ ఆర్పాలో.

నాకు ఎదురయ్యే గట్టి అభ్యంతరం ఒకటుంది. దాన్ని తేలిగ్గా తీసుకోను. “సార్, మా బడిలో మరుగుదొడ్డికి నీళ్ళు లేవు, మీరు లైటంటున్నరు.” నిజమే. నీళ్ళు ముందు. కానీ ఈ వరుసను ఎవరు రాశారో కూడా చూద్దాం. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో తరగతి గది ఉంది, వంటగది ఉంది, ఆటస్థలం ఉంది, గ్రంథాలయం ఉంది. వేదిక లేదు. 2022లో మొదలైన ‘మన ఊరు – మన బడి’లో పన్నెండు అంశాలున్నాయి. మరుగుదొడ్లు, కరెంటు, తాగునీరు, బెంచీలు, రంగులు, ప్రహరీ, భోజనశాల, డిజిటల్ తరగతి... పన్నెండింటిలోనూ పిల్లలు నిలబడి నలుగురితో మాట్లాడే చోటు అన్నది లేదు. జాబితా ఎప్పటికీ పూర్తికాదు, వేదిక వంతు ఎప్పటికీ రాదు. మరి అదే బడి ఏటా జనవరి, ఫిబ్రవరిలో ఒక్క రాత్రి పొగకూ షార్పీలకూ అద్దె కట్టడానికి డబ్బు ఎక్కడినుంచి వస్తోంది? మీ బడి గత మూడేళ్ళ అద్దె బిల్లులు పక్కపక్కన పెట్టి కూడి చూడండి. నేను కొత్త ఖర్చు అడగడం లేదు. ఉన్న ఖర్చును పిల్లల వైపు తిప్పమంటున్నాను. ఆ మొత్తం చాలని బడి నాలుగు బడులతో కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. నాటకం ఏ వారం ఎక్కడుంటే లైటు ఆ వారం అక్కడుంటుంది.

రామగుండంలో ఒక్క ఎన్‌టీపీసీ పాత ప్లాంటే 2600 మెగావాట్లది. సింగరేణి బొగ్గు, ఇక్కడి మనుషుల చెమట, దక్షిణాది ఊళ్ళ వెలుగు. ఆ నేల మీది పిల్లవాడి ముఖానికి 300 వాట్లు ఎక్కువయ్యాయా?

బొగ్గు మాట వచ్చింది కాబట్టి ఒక ఉదాహరణ చెప్తాను. 1959లో కలకత్తాలో ఉత్పల్ దత్ ‘అంగార్’ అనే నాటకం వేశాడు, బొగ్గుగని కార్మికుల మీద. చివర్లో గనిలోకి నీళ్ళు వచ్చి మనుషులు మునిగిపోతారు. స్టేజీ మీద చుక్క నీరు లేదు. తాపస్ సేన్ అనే లైట్ల కళాకారుడు ఒట్టి వెలుగుతో నీళ్ళు నింపాడు. ఇవాళ్టి తిరిగే లైట్లు, కంప్యూటర్లు అప్పుడు లేవు. ఆ మనిషికి కథ తెలుసు, చీకటి విలువ తెలుసు. గోదావరిఖనిలో, మంచిర్యాలలో, బెల్లంపల్లిలో గని కార్మికుల మనవలూ మనవరాళ్ళూ చదివే బడులున్నాయి. వాళ్ళ తాతల కథను వాళ్ళే వేసే రోజు వస్తే పొగ యంత్రం వాళ్ళకు అక్కరకు రాదు. నెమ్మదిగా ఆరిపోగల ఒక వెలుగు అక్కరకొస్తుంది.

చివరగా ముఖ్య అతిథి. ఒక బడిలో, పేరు చెప్పను, పిల్లల నాటకం నడుస్తోంది. రైతు పాత్ర వేసిన పిల్లవాడు చచ్చిపోయాడు, తల్లి పాత్ర వేసిన అమ్మాయి వాడి తలను ఒళ్ళో పెట్టుకుంది, హాలంతా నిశ్శబ్దం. రెండు గంటలు ఆలస్యంగా అతిథి గేటు దగ్గరికి వచ్చాడు. ఎవరో సైగ చేశారు. ఫోకస్ లైటు స్టేజీ మీదినుంచి లేచి, జనం తలల మీదుగా గేటుకు పోయింది. మైకులో స్వాగతం మొదలైంది. చీకట్లో చచ్చిపడి ఉన్న పిల్లవాడు తలెత్తి చూశాడు, ఏం జరుగుతోందని. తర్వాత మళ్ళీ పడుకున్నాడు. అతిథిని నేనేం అనను, ఆయన వెలుగు అడగలేదు. ఇచ్చింది మనం. పిల్లల చావు కంటే పెద్దల రాక ముఖ్యమని ఆ లైటుతో చెప్పింది మనం.

అందుకని బడి హాలులో ఒక నియమం రాసి గోడకు అంటించండి: నాటకం మొదలయ్యాక వెలుగు స్టేజీ దాటి పోదు. ఎవరొచ్చినా. మంత్రి వచ్చినా చీకట్లోనే తన కుర్చీ వెతుక్కుని కూర్చోవాలి. శాలువాలకు ట్యూబులైటు చాలు.

ఇంకొక్క మాట, హెడ్‌మాస్టర్లకు. లైటు కొన్నాక దాన్ని స్టాకు రిజిస్టరులో మైకుసెట్టు పక్కన, ఫంక్షన్ల సామాను కింద రాయకండి. సైన్సు ప్రయోగశాల సామాను ఎలా రాస్తారో అలా, పిల్లలు వాడే వస్తువుల కింద రాయండి. ఏడాదికోసారి అట్టపెట్టెలోంచి తీసే వస్తువు చెయ్యి తిరగనివ్వదు. శనివారం మధ్యాహ్నాలు తీయండి, తిప్పనివ్వండి, ఒకరి ముఖం మీద ఒకరిని వెలుగు వేసుకోనివ్వండి. పాడవుతుందని భయపడకండి, అట్టపెట్టెలో కూడా పాడవుతుంది. బీరువా తాళంచెవి మాత్రం ఆఫీసు గదిలో కాకుండా, లైటు పట్టే పిల్లల్లో ఒకరి దగ్గర ఉంచండి.